రెక్క మీద కండువా

ప్రొద్దుటూరులో మా వీధి చివరి ఇంటి మిద్దె మీది నుంచి ఆదివారం పొద్దున ఆముదం కాలిన వాసన వచ్చేది. వీధికి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరింట్లోనో బాలింత ఉందనుకునేవాళ్లు. పాతవాళ్లకు తెలుసు, సారు విమానం ఇంజను తిప్పుతున్నాడని.

సారు అంటే ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉండగా కాలేజీలో ఎన్‌సీసీ క్యాడెట్లకు బొమ్మ విమానాలు కట్టడం నేర్పేవాడు. రిటైరయ్యాక క్యాడెట్లు పోయారు, విమానాలు మిగిలాయి. నేను పత్రికలో విలేకరి పని వదిలేసి ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక పొద్దుటి కాఫీ ఎక్కువగా ఆయన మిద్దె మీదే తాగేవాణ్ణి. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అడగనిది చెప్పేవాడు కాదు. వార్తలతో బతికినవాడికి అంతకన్నా మంచి పొరుగు దొరకదు.

ఆయన విమానాలు రిమోటుతో ఎగిరేవి కావు. ఒక రెక్క కొస నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు వచ్చి మనిషి చేతిలోని పిడికి చేరతాయి. మనిషి నడుమ నిలబడి తిరుగుతుంటే విమానం గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంది. పిడి ఇటు వంచితే పైకి లేస్తుంది, అటు వంచితే దిగుతుంది. అంతే విద్య. కానీ చూస్తుంటే విసుగు రాదు.

దాని ఇంధనం పెట్రోలు కాదు. మిథనాల్‌లో ఆముదం కలుపుతారు. మిథనాల్ కాలుతుంది, ఆముదం ఇంజనును అరగనివ్వదు. మిథనాల్ అనే మాట నాకు కల్తీ సారా చావుల వార్తల్లోనే పరిచయం. ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. చిక్కల్లా ఏమిటంటే, ఇంజను తాగినదంతా కాల్చదు. కాలనిది పొగగొట్టంలోంచి తుంపరలుగా వచ్చి విమానం ఒంటిమీదే పడుతుంది. మామూలు రంగు దానికి ఆగదు. ముందు మెత్తబడుతుంది, తర్వాత వేలికి అంటుకుంటుంది, ఆ తర్వాత పొక్కులు లేస్తుంది. గోడకు వేలాడే ఆయన పాత విమానాలన్నీ ఒక పక్క కొత్తగా, ఇంకో పక్క వానకు నానిన సినిమా పోస్టరులా ఉండేవి.

“అందరూ ఆముదాన్ని తిడతారు,” అనేవాడు. “ఆముదం పాపం పైన కూర్చోనుంటాది. సబ్బునీళ్లకు పోతాది. రంగును తినేది ఆ మిథనాల్ స్పిరిటు.”

ఒక ఏడాది ఎండాకాలానికి ముందు కొత్త విమానం మొదలుపెట్టాడు. ఈసారి రెక్కకు కాగితం బదులు పట్టుగుడ్డ పరవాలని తోచింది. పాతకాలం పద్ధతి అదేనట. గుడ్డ పలుచగా ఉండాలి, గట్టిగా ఉండాలి. చీరల పట్టు బరువు. అంగళ్లలో వెతికితే ఆయనకు కావలసినంత పలుచటిది దొరకలేదు. ఆ పలుచదనమున్న గుడ్డ ఒకటి ఆయన ఇంట్లోనే ఉంది. పెళ్లికి మామ నేసి పెట్టిన కండువా.

ఆయన భార్యను నేను అక్కా అంటాను. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఒక ఊరు. తండ్రి గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. నేసినవన్నీ షావుకారు ఇంటికి పోయేవి. కూతురి పెళ్లి కుదిరినప్పుడు మాత్రం అల్లుడికని తనే పట్టుదారం తెచ్చి, అంచుకు తనే రంగద్ది ఒక కండువా నేశాడు. చందనం రంగు ఒళ్లు, ఎర్రటి అంచు. ఆ తర్వాత మోకాళ్లు లేవనివ్వక ఆయన మళ్లీ మగ్గం గుంటలోకి దిగలేదు. కండువా ఆయన చేతి ఆఖరి గుడ్డ.

దాన్ని అడిగిన రోజు నేను అక్కడే ఉన్నాను.

“నాకు పెట్టిన బట్ట గదా,” అన్నాడు సారు.

“మీకు పెట్టిన బట్టయితే పెండ్లి దాటినంక ఒక్కనాడన్నా భుజాన ఏసుకున్యారా?” అంది అక్క.

“ఏసుకుందామంటే నువ్వు పెట్టె తాళం తీస్తే గదా.”

“తీసింటే ఏమయ్యేదో ఇప్పుడు చూస్తాండాం గదా. తమ్ముడూ, నువ్వు ఊరూరూ తిరిగి వార్తలు రాసినోనివి. పెండ్లి కండువా తెచ్చి బొమ్మకు చుట్టే మొగోన్ని యాడన్నా చూసినావా?”

చూడలేదన్నాను.

“ఇదో, ఈన్ని చూడు. పేపర్లో ఎయ్యి.”

ఆ మాట అక్కడితో ఆగింది. మళ్లీ కదిలించింది ఆమే. కొన్నాళ్ల తర్వాత పెట్టె తీసి, ఏటా చేసినట్టే పట్టుబట్టల మడతలు మార్చడానికి కూర్చుంది. మార్చకపోతే మడత దగ్గర పట్టు విరుగుతుంది. కండువా విప్పేసరికి నట్టనడుమ గీత పడి ఉంది. వేలు పెడితే వేలు అవతలికి వచ్చింది. ఏటా మడత మారుస్తూనే ఉన్నా అది రెండుగా విరిగింది. ఆ రెండు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుందని సారు తర్వాత చెప్పాడు.

మరునాడు ఒక ముక్క తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. రెండోది మళ్లీ పెట్టెలోకి పోయింది.

“పెట్టెలో పెట్టినా సచ్చేదే,” అంది. “ఏదో ఒకటి చేసుకోండి. గానీ నీళ్లు తగలనీయొద్దు. అంచు కత్తిరించొద్దు. ఒక్క మరక పడినా రెక్క ఊడదీసి గుడ్డ నా చేతికియ్యల్ల. మళ్లా ఈ ఇంట్లో విమానం మాట ఎత్తగూడదు.”

“మరక పడేది విమానం మీద గదక్కా, ఎవరు చూస్తారు?” అన్నాను.

“ఎవురు చూసినా చూడకపోయినా, మా నాయన గుడ్డకు ఏలు చూపేటట్టు ఉండగూడదు.”

ఆమె గొంతులో ఎగతాళి లేదు. సారు కూడా నవ్వలేదు.

పట్టును తడిపి పరిస్తే రెక్క మీద ముడత లేకుండా బిగుస్తుందట. ఆమె వద్దంది కాబట్టి పొడిగానే పరిచాడు. దానికి మూడింతలు కష్టపడ్డాడు. ఎర్రంచు రెక్క వెనక కొసకు సరిగ్గా వచ్చేటట్టు సర్దాడు. ముందువైపు ఇంజను, మధ్య చందనం రంగు, వెనక కత్తి అంచులా పలుచనైన కొస మీద ఎర్రగీత. బాగుంది. అది బాగుందని అక్క కూడా ఒప్పుకుంది, ఒప్పుకుంటున్నట్టు కనబడకుండా.

ఆ పైన ఆయన పరీక్షలు మొదలయ్యాయి. విరిగిన మడత దగ్గర రాలిన చందనం రంగు పీలికలను చెక్కముక్కల మీద అంటించి, ఒక్కోదాని మీద ఒక్కో పూత వేసి, పిట్టగోడ మీద వరసగా పెట్టాడు. ఆరాక ఒక్కోదాని మీద ఇంధనం చుక్క వేసి, వేలితో రుద్ది, గుడ్డతో తుడిచి చూసేవాడు. తలుపులకు వేసే వార్నిషు తెల్లగా పొంగింది. సైనుబోర్డుల వాళ్లు వాడే ఎనామెల్ మొదటి రోజు బాగానే ఉండి రెండో రోజు ముడతలు పడింది. స్ప్రే డబ్బాలో వచ్చే లాకరు చుక్క పడిన చోట బెల్లం పాకమైంది. నాకు అందులో ఆసక్తి లేదు గానీ, పొద్దున కాఫీతో పాటు ఏ ముక్క పోయింది, ఏ ముక్క నిలిచింది అని చూడ్డం అలవాటైంది.

అంచు ముక్క ఒక్కటీ ఆ వరసలో లేదు. కత్తిరించనివ్వలేదు కాబట్టి లేదు. అది నేనూ గమనించలేదు.

చివరికి నిలిచింది కార్ల రంగు మీద వేసే రంగులేని క్లియరు పూత, హార్డనరు కలిపి కొట్టేది. ఆ రెండూ కలిస్తే ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ ఏ స్పిరిటుకూ కరగదు. దాన్ని కొట్టే మనిషి బైపాసు పక్కన షెడ్డు పెట్టుకున్న పెయింటరు. కువైట్‌లో చాలా ఏళ్లు కార్లకు రంగులు వేసి వచ్చాడు, అందరూ భాయ్ అంటారు. సారు విమానాన్ని దుప్పట్లో చుట్టుకుని వెళితే నేనూ వెంట వెళ్లాను.

భాయ్ దుప్పటి తీసి చూశాడు. “క్యా సాబ్, ఇన్సూరెన్సు ఉండాదా దీనికి?”

“డ్రైవరుకే లేదు,” అన్నాడు సారు.

“ఆడ షేకులు పిట్టలకు ఏసీ పెడతారు, విమానాలు కొంటారు, గుర్రాలకు పేర్లు పెట్టి పిలుస్తారు. ఆ పిచ్చి ఈడ కూడా ఉండాదని నాకు తెలీదు.” గుడ్డను వేలి వెనక వైపుతో తాకి చూశాడు. “ఇది అంగట్లో మాల్ కాదే.”

“మా మామ నేసింది.”

భాయ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటినుంచి ఎగతాళి తగ్గింది. “పగలు వద్దు సాబ్. మన ఎండకు పూత తుపాకిలోంచి వచ్చేలోపే ఆరిపోయి ఇసుక మాదిరి పడతాది. రేపు తెల్లారే ముందర రాండి. పలుచగా మూడు సార్లు. ఒకేసారి మందంగా కొట్టమంటే వేరే షాపు చూసుకోండి.”

భాయ్ చెప్పిన ఇంకో మాట కూడా నాకు గుర్తుంది. పదునైన కొసల మీద పూత నిలవదు, పక్కలకు జారి అక్కడ పలుచనవుతుంది, ఆ కొసలను మోటుగా రుద్దొద్దు అన్నాడు. సారు తలూపాడు. ఇంజను గూట్లో, ట్యాంకు చుట్టూ, చెక్కకూ చెక్కకూ మధ్య సందుల్లో రెండు ట్యూబుల జిగురు కలిపి పూసి సారు ఇంటి దగ్గరే మూసి తెచ్చాడు. నూనె పైనుంచి కాదు, సందుల్లోంచి దూరి గుడ్డను లోపలినుంచి పొక్కిస్తుందని ఆయన లెక్క. పూత వేశాక వారం దాటేదాకా విమానాన్ని ముట్టనివ్వలేదు. పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడాలన్నాడు. అక్క మాత్రం రోజూ దాని ముందు ఆగి ఒకసారి చూసి పోయేది.

ఎగరేయడానికి పులివెందుల అవతల, సింహాద్రిపురం వైపు ఒక పల్లెకు పోయాం. అక్కడ సారు దగ్గర చదివిన క్యాడెట్ ఒకాయన చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, పెట్టుకుని ఉన్నాడు. శనగ నూర్చిన కళ్లం చదునుగా, చుట్టూ తీగలకు అడ్డం లేకుండా ఉందని ఆయనే ఫోను చేసి పిలిచాడు. సారు కారులో ముద్దనూరు మీదుగా వెళ్లాం. అక్క కూడా వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి.

ఆ రైతుకు యాభై దాటాయి. సారును చూడగానే సెల్యూటు కొట్టాడు. “అమ్మా, మీరొస్తారని చెప్పల్యా సార్. చెప్పింటే మా ఇంట్లో ఆడోళ్లు కోడిని కోసేటోళ్లు.”

“కోడి వద్దులే నాయనా. మీ సారు ఎగరేసేది చూసి పోతాను.”

“సార్ ఎగరేస్తే మా బ్యాచంతా నోరు తెరుసుకోని చూసేది. ఒగసారి మా ప్రిన్సిపాలు నెత్తిన టోపీ లేపినాడు సార్.”

“టోపీ కాదు, గొడుగు,” అన్నాడు సారు.

వేపచెట్టు కింద మంచం వేశారు. అక్క కూర్చుంది. రైతు విమానాన్ని పట్టుకుంటే సారు ఇంజను తిప్పి, పరుగున నడుమకు పోయి పిడి అందుకున్నాడు. రైతు వదిలాడు. అది నేల మీద కొంచెం దూరం గెంతి లేచింది. తేనెటీగల తుట్టె కదిలినట్టు మోత. పొద్దుటి ఎండ రెక్కలోంచి దూరినప్పుడల్లా చందనం రంగు పచ్చగా వెలిగి ఆరిపోయేది. ఎర్రంచు మాత్రం ఒకే గీతలా కనబడేది. అక్క తల దాంతో పాటు తిరుగుతూ ఉంది. ఒకసారి చేత్తో మంచం పట్టె పట్టుకుంది.

ఇంధనం అయిపోయి ఇంజను ఆగింది. విమానం జారుతూ దిగి దుమ్ములో ఆగింది. రెక్క నిండా నూనె తుంపర. సారు పిడి కింద పెట్టి నాలుగడుగులు వేసి తూలాడు. అంతసేపు తిరిగాక ఎప్పుడూ అంతే. నేను ఆయన్ను చెట్టు నీడకు తెచ్చి నీళ్లిచ్చాను. సబ్బునీళ్ల సీసా, పొడిగుడ్డ సంచిలో ఉన్నాయి. తల తిరగడం తగ్గాక తుడుద్దామని కూర్చున్నాడు.

తల ఎత్తి చూసేసరికి రైతు కళ్లంలో గొంతుక్కూర్చుని విమానాన్ని తుడుస్తున్నాడు.

మా వైపు కడిగిన ట్రాక్టరును అట్లే వదలరు. డీజిలు గుడ్డతో ఒళ్లంతా తుడిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. మోటారుసైకిలు కడిగే అంగడిలో కూడా చివరన డీజిలు చిమ్మి పంపిస్తారు. అంతకుముందు బండి ఇరుసులకూ ఎద్దుల కొమ్ములకూ ఆముదం పూసిన చేతులే అవి. ఈ మనిషి సారు సంచి పక్కనున్న ఇంధనం డబ్బా మూత తీసి వాసన చూశాడు. ఆముదం వాసన వచ్చింది. భుజం మీది తువ్వాలను అందులో ముంచి, సారు లేచేలోగా విమానాన్ని మెరిపించి పెడదామని, ట్రాక్టరు బానెటు రుద్దినట్టు రెక్కను ఈ కొస నుంచి ఆ కొసకు రుద్దుతున్నాడు.

“రేయ్, రేయ్!” అన్నాడు సారు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

“అయిపోయింది సార్. చూడండి, అద్దం మాదిరి లేదూ? మా ఊర్లో నాకన్నా బాగా ఎవరూ…” తువ్వాలను తిప్పి చూసుకున్నాడు. ఆగిపోయాడు. “ఇదేంది సార్, నెత్తురు మాదిరి?”

తువ్వాల మీద ఎర్రమరక ఉంది.

నేను పోయి చూశాను. చదునుగా ఉన్న చోట పూత చెక్కుచెదరలేదు. అంత స్పిరిటు పోసి రుద్దినా కనీసం మసక కూడా పట్టలేదు. కానీ రెక్క వెనక కొసన, భాయ్ రుద్దొద్దన్న చోట, పూత జానెడు మేర లేచింది. అంచు ఎరుపు కరిగి చందనం రంగులోకి దిగి, గులాబి మరకగా నిలిచింది.

అక్క వచ్చి చూసింది. రైతు ఆమె ముఖం చూసి తువ్వాలను వెనక దాచుకున్నాడు.

“అమ్మా, ఆముదమే గదా అనుకున్యా…”

“ట్రాక్టరు అనుకున్యావా అప్పా?” అంది. కోప్పడలేదు. “తే, ఆ తువ్వాల ఇయ్యి. ఎర్రది సబ్బుకు పోదు. మీ ఇంట్లో తిడతారు. కొత్తది కొని పంపిస్తాలే.”

రైతు భోజనానికి ఉండమన్నాడు. ఉండలేదు. సారు ఇంకోసారి ఎగరేయనన్నాడు, కొస తెరుచుకుంది కాబట్టి ఇంధనం పూత కింద దూరిపోతుందని. ఆయన ఆ మాట అన్నది విమానానికి, ఎవరి ముఖమూ చూడలేదు. తిరుగు ప్రయాణంలో అక్క వెనక సీట్లో విమానాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ముందు సీట్లో ఉన్నాను. మరక పడింది. ఒప్పందం ప్రకారం రెక్క ఊడదీయాలి. ముద్దనూరు దాటాం.

“మా నాయన ఎరుపు ఎప్పుడూ ఆగల్యా,” అంది అక్క.

సారు రోడ్డు చూస్తూనే ఉన్నాడు.

“తమ్ముడూ, మా పెండ్లిలో మెరవణికి పొయ్యేటప్పుడు చినుకులు పడినాయి. ఈయన భుజాన కొత్త కండువా. ఇంటికొచ్చేసరికి తెల్లపంచె మీదంతా ఎర్రచారలు. వీళ్ల సుట్టాలు పగలబడి నవ్వినారు. అల్లునికి అప్పుడే ఎర్రనీళ్లు చల్లి వసంతాలు ఆడించినారా అని ఒకరు, పెండ్లికొడుకును యాడన్నా కొట్టినారేమో చూడండని ఒకరు. మా నాయన ఆ పూట పంక్తిలో కూర్చోల్యా. ఆకులు తీసేదాకా బయట నిలబడినాడు.” సారు వైపు తిరిగింది. “మీకు గుర్తుండాదా?”

“ల్యాకేం,” అన్నాడు సారు.

“ఎరుపు కారుతాదని తెలిసి, నన్ను అంచు ముక్క ఎందుకు అడగల్యా? పిట్టగోడ మీద అన్ని ముక్కలు పెట్టి చుక్కలేసినారు గదా.”

సారు గేరు మార్చాడు. “అడిగితే ఆ మాట ఎత్తాల్సొస్తాది. ఆ మాట ఎత్తితే నువ్వు గుడ్డ ఇచ్చేదానివి కాదు.”

అక్క నవ్వింది. చిన్న నవ్వే, కానీ నవ్వింది. “నాకు తెలిసే నీళ్లు తగలనీయొద్దన్యా. నేనన్నా చెప్పిండాల్సింది, ఎందుకు వద్దో.”

అన్నేళ్లు ఆ కండువా పెట్టెలో ఎందుకు ఉందో నాకు అప్పుడు తెలిసింది. ఆయన మళ్లీ భుజాన వేసుకోకపోవడానికీ, ఆమె తాళం తీయకపోవడానికీ కారణం ఒకటే. ఆ వీధిలో అన్నేళ్లుగా ఉన్నా ఆ సంగతి నా చెవిన పడలేదు.

మరునాడు పొద్దున కాఫీకి వెళ్లేసరికి రెక్క ఊడదీసి ఉంటారనుకున్నాను. రెక్క అట్లాగే ఉంది. అక్క మిద్దె మీద కుళాయి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ముందు స్టీలు బేసిను. పక్కన పెట్టెలోని రెండో ముక్క, ఇప్పుడు అంచు లేకుండా. అంచు ఆమె చేత్తోనే కత్తిరించింది. అది బేసినులో ఉంది. నీళ్లు దానిమ్మ రసంలా ఉన్నాయి.

“వసంతం ఆడతాండాను తమ్ముడూ,” అంది.

నీళ్లు పారబోసి మళ్లీ పట్టింది. పిండలేదు, అరచేతుల మధ్య పెట్టి అదిమింది. నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి, ఈసారి కొంచెం తక్కువగా. పారబోసింది, పట్టింది. సారు ఒక పక్క నిలబడి చూస్తున్నాడు. నా కాఫీ చల్లారింది.

“రంగద్దినంక ఇట్ల ఉతికి చూడల్ల,” అంది ఆమె, తల ఎత్తకుండా. “కారేదంతా కారిపోతే మిగిలింది నిలబడతాది. మా నాయనకు తెలీక కాదు. పెండ్లి దగ్గరికొచ్చింది, నేసేది మిగిలుండాది. తొందరపడినాడు.”

తండ్రి పనిలో తప్పుందని ఆమె అనడం నేను విన్నది అదొక్కసారే.

నీళ్లు తేటగా నిలిచాక అంచును నీడలో ఆరేసింది. ఎరుపు కొంచెం వెలిసింది గానీ పోలేదు. ఆరాక సారు ఒక కొస మాత్రం కత్తిరించమన్నాడు, కత్తెర ఆమెకే ఇచ్చాడు. ఆ చిన్నముక్కను తెల్లకాగితం మీద పెట్టి, పూత ఏమీ లేకుండానే ఇంధనం చుక్క వేశాడు. ఇంకో చుక్క వేసి వేలితో రుద్దాడు. ముక్క ఎత్తితే కాగితం మీద నూనె మరక ఉంది. ఎరుపు లేదు.

అక్క కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది.

“ఆ కువైటాయన దగ్గరికి ఎప్పుడు పోతారు?” అని అడిగింది.

“తెల్లారే ముందర రమ్మంటాడు.”

“నేనూ వస్తా. ఆ కొసన ఇంకొక పూత ఎక్కువ కొట్టమని నేను చెప్తా. మీరు చెప్తే తలూపి ఊరుకుంటారు.”

లేచిన కొసన ఆ ఉతికిన అంచుతో అతుకు వేసిన చోట ఎరుపు ఇప్పటికీ మిగతా అంచు కన్నా ఒక పాలు వెలిసినట్టు ఉంటుంది. వెతికితే కనబడుతుంది. గులాబి మరకను మాత్రం సారు తీయబోతే ఆమె తీయనివ్వలేదు, దాని మీదే పూత కొట్టించింది. మరుసటి ఏడు శనగ నూర్పుల తర్వాత ఆ కళ్లానికి మళ్లీ పోయాం. విమానం దిగగానే రైతు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క సంచిలోంచి పొడిగుడ్డ, సబ్బునీళ్ల సీసా తీసి ఆయన చేతికిచ్చింది.

“తుడువు నాయనా,” అంది. “కొసలు వదిలిపెట్టి.”